"లైఫెల్డ్‌కే పాదాలు రావు, మనకెందుకు?": కామిక్స్ గీసేవాళ్ల అపోహలు, వాస్తవాలు

అమెరికన్ కామిక్స్ కంపెనీ మార్వెల్ వాళ్ల డెడ్‌పూల్ పాత్రని గీయడానికి ఆర్టిస్ట్ రాబ్ లైఫెల్డ్ మళ్లీ వస్తున్నాడని కబురు వస్తే చాలు, హైటెక్స్ కామిక్ కాన్‌లో పోర్ట్‌ఫోలియోలు పట్టుకుని తిరిగే పిల్లల నోట ఒకటే మాట. మిగతా అపోహలకు డబ్బు పోతుంది, దీనికి ఏళ్లు పోతాయి. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: ఆయనకు పాదాలు గీయడం రాదు, అయినా మార్వెల్ పిలుస్తోంది. ఇక అనాటమీ (ఒంటి నిర్మాణం) గోల ఎందుకు?

మార్వెల్ పిలిచేది ఆయన పేరును. 1991లో మార్వెల్ కామిక్ న్యూ మ్యూటెంట్స్ 98వ సంచికలో రచయిత ఫేబియన్ నిసియేజాతో కలిసి డెడ్‌పూల్‌ని పుట్టించింది ఆయనే. ఆ ఏడాదే వచ్చిన ఆయన ఎక్స్-ఫోర్స్ కామిక్ మొదటి సంచిక 50 లక్షల కాపీల దాకా పోయింది. ఆయన బొమ్మల్ని తిట్టేవాళ్లూ కొంటారు. మీ పేరు చూసి ఇంకా ఎవరూ కొనరు కాబట్టి ఎడిటర్ చూసేది మీ పేజీనే. మనిషి నేలమీద నిలబడ్డాడా, మాటలు చదవకుండానే కథ తెలుస్తోందా అన్నదే అక్కడ లెక్క.

పాదాల్ని పొగలోనో, రాళ్లకుప్ప వెనకో దాచేస్తే ఒక ప్యానెల్ (పేజీలో ఒక గడి) గట్టెక్కుతుంది. పేజీ అంతా అదే పని చేస్తే మనుషులు గాల్లో తేలతారు. ఎవరు దగ్గరో, ఎవరు దూరమో తెలీదు. కండల మీద సన్నగీతలు దట్టిస్తే లోపం కప్పబడదు సరికదా, కన్ను నేరుగా అక్కడికే పోతుంది.

ముందు హారిజన్ గీత (చూసేవాడి కంటి ఎత్తున ఉండే అడ్డగీత) వేయండి. ఒకే ఎత్తున్న మనుషులు చదునైన నేలమీద నిలబడితే, ఎంత దూరంలో ఉన్నా ఆ గీత అందర్నీ ఒంట్లో ఒకే చోట కోయాలి. ఒకరికి ఛాతీ దగ్గర, ఇంకొకరికి మోకాలి దగ్గర కోస్తే ఎవరో గోతిలో ఉన్నట్టే. తర్వాత నేలమీద గళ్లు, వాటిపై పాదాల అచ్చులు, ఆ పైన కాళ్లూ నడుమూ. పాదం పొడవు దాదాపు మోచేయి నుంచి మణికట్టు దాకా ఉంటుంది. లోపలి చీలమండ ఎముక బయటిదానికన్నా పైన ఉంటుంది. దీన్ని తిరగేసి గీసేవాళ్లే ఎక్కువ. ఇరానీ హోటల్ టేబుళ్ల కింద, కోఠి బస్టాప్‌లో కావలసినన్ని కాళ్లు, పైసా ఖర్చు లేదు. మామూలుగా నిలబడ్డ మనిషి బరువు ఏ కాలిమీద వేస్తే ఆ వైపు తుంటి లేస్తుంది, అదే వైపు భుజం వాలుతుంది.

పోర్ట్‌ఫోలియోలో ఒకే కథవి 5, 6 వరస పేజీలు పెట్టండి. పోజు కొట్టే పోస్టర్లు ఒకటి రెండు చాలు. కొట్లాట లేకుండా ఇద్దరు మాట్లాడుకునే పేజీ ఒకటి తప్పకుండా ఉండాలి. మాసబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో సీటు రాలేదని కుంగిపోయేవాళ్లకు ఒక మాట: పోర్ట్‌ఫోలియో చూసే ఎడిటర్ టేబుల్ దగ్గర ఎవరూ సర్టిఫికెట్ అడగరు.

అపోహ: ఏ3 షీటు, మామూలు స్కానింగ్ చాలు.

అమెరికన్ కామిక్ పేజీని 11×17 అంగుళాల బోర్డుమీద గీస్తారు. ముఖ్యమైన బొమ్మంతా లోపలి 10×15లో ఉండాలి. ఏ3 పొడవు పదహారున్నర అంగుళాలే. బొమ్మ లోపలే ఉంటే నడుస్తుంది, అంచుదాకా పోయే పేజీకి అర అంగుళం తక్కువ పడుతుంది. ఏ2 షీటు కొని కోసుకోండి. ఇంకు గీతల్ని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయాలి, తగ్గిస్తే ప్రింటులో గీత మెట్లుమెట్లుగా వస్తుంది. ఏ4 స్కానర్ మీద పేజీని అడ్డంగా పెట్టి రెండుసార్లు తీస్తే 15 అంగుళాలు వచ్చేస్తాయి. అంచుదాకా ఉన్నదానికి మూడుసార్లు తీయాలి, లేకపోతే అతకడానికి ఒకదానిమీద ఒకటి పడే చోటుండదు.

అపోహ: లైఫెల్డ్ తిరిగొచ్చాడు, మొదటి సంచిక పది కాపీలు కొని దాస్తే లాభం.

ఆ 50 లక్షల ఎక్స్-ఫోర్స్ సంచికనే చూడండి. ప్రతి కాపీనీ ప్లాస్టిక్ సంచిలో మూసి, అందులో ఐదు రకాల బొమ్మల కార్డుల్లో ఒకటి పెట్టారు. ఐదూ కావాలని జనం ఐదేసి కొన్నారు, విప్పకుండా దాచారు. అందరి దగ్గరా ఉన్నదానికి ధరెక్కడిది? ఇవాళ్టికీ చవకే. న్యూ మ్యూటెంట్స్ 98 ఖరీదైందంటే అందులో డెడ్‌పూల్ మొదటిసారి కనిపించాడు కాబట్టి. అది ముందే ఊహించి పెట్టెలకొద్దీ దాచినవాళ్లు లేరు.

అపోహ: పాత్రని పుట్టించాడు కాబట్టి ఆయనదే.

కాదు. కూలికి చేసిన పని, హక్కు కంపెనీది. 1992లో లైఫెల్డ్, మరికొందరు మార్వెల్ వదిలి సొంతంగా ఇమేజ్ కామిక్స్ అనే కంపెనీ పెట్టుకోవడానికి ఈ హక్కుల గొడవే ముఖ్య కారణం.

అపోహ: ఆయన వస్తే సిరీస్ అంతా ఆయనే గీస్తాడు.

2019 నాటి మార్వెల్ సిరీస్ మేజర్ ఎక్స్‌కి కథ ఆయనదే, అన్ని సంచికల బొమ్మలూ ఆయనవి కావు. ఒక్కోసారి కవర్ మాత్రమే గీస్తారు. ఆర్డర్ పెట్టే ముందు పెన్సిలర్ (లోపలి పేజీల బొమ్మలు గీసేవాడు) అన్న చోట ఎవరి పేరుందో చూసుకోండి. కవర్ ఆర్టిస్ట్ అన్నది వేరే వరస.