ఓట్స్ పొట్టులోంచి నైలాన్ తీసిన రోజులు

మొక్కల నుంచి రసాయనాలు అనగానే నిన్నో మొన్నో పుట్టిన స్టార్టప్ ఐడియా అన్నట్టు మాట్లాడతారు గానీ, దీని వెనక వందేళ్ల ఫ్యాక్టరీ చరిత్ర ఉంది. మొక్కల పొట్టు, పిప్పిలాంటివాటి నుంచి తీసే ఫర్‌ఫ్యూరల్ అనే ద్రవం సంగతే చూడండి.

జర్మనీలో డోబరైనర్ అనే కెమిస్టు ఫార్మిక్ యాసిడ్ తయారుచేస్తుంటే, దాంతోపాటు నూనెలాంటి పదార్థం కాస్త వచ్చింది. అదే ఫర్‌ఫ్యూరల్. ఆ విషయం 1832లో ప్రకటించాడు. 1840లో స్టెన్‌హౌస్ అనే ఇంకో కెమిస్టు ఓట్స్, తవుడు లాంటివాటిని సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కాచి అదే ద్రవం రాబట్టాడు. తాజాగా తీసినప్పుడు రంగేమీ ఉండదు, బాదం వాసన వస్తుంది. గాలి తగిలేకొద్దీ గోధుమరంగుకి, ఆపైన నలుపుకి తిరుగుతుంది. ఆ తర్వాత ఎనభై ఏళ్లు అది ల్యాబు సీసా దాటలేదు.

దాన్ని టన్నుల్లో తీసింది అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని సీడర్ రాపిడ్స్‌లో. క్వేకర్ ఓట్స్ మిల్లులో పొట్టు గుట్టలుగా పేరుకుపోయేది, పశువుల దాణాగా పెద్ద విలువ లేదు, పైగా వేరే పనికని కొన్న పెద్ద పెద్ద ప్రెజర్ కుక్కర్లు ఖాళీగా పడున్నాయి. 1922లో వాటిలోనే పొట్టు, యాసిడ్ వేసి ఆవిరి పట్టించడం మొదలుపెట్టారు. పొట్టులో చక్కెరలు గొలుసుల్లా అల్లుకున్న పెంటోసాన్లు విడిపోయి జైలోజ్ అనే చక్కెర అవుతాయి, అందులోంచి నీరు పోతే ఫర్‌ఫ్యూరల్. సరుకు మిల్లు ముంగిట్లోనే ఉంది, రవాణా ఖర్చు లేదు. నన్నడిగితే, కెమిస్ట్రీ కన్నా ఈ ఒక్క సంగతే ఆ వ్యాపారాన్ని నిలబెట్టింది.

రెండో ప్రపంచయుద్ధంలో కృత్రిమ రబ్బరు కోసం, దాని ముడిసరుకైన బ్యూటాడయీన్‌ని శుద్ధి చేయడానికి ఫర్‌ఫ్యూరల్ కావాల్సివచ్చింది. యుద్ధం అయ్యాక డ్యూపాంట్ అనే అమెరికా రసాయన కంపెనీ ఏకంగా దాంతో నైలాన్ ముడిసరుకు చేసింది. 1961 వరకూ అలా నడిచింది. ఆ తర్వాత దాని చోటు కొట్టేసింది ఎవరో తెలుసా? పెట్రోలియం నుంచి చవగ్గా వచ్చిన అదే బ్యూటాడయీన్!

ఇప్పుడు ఫర్‌ఫ్యూరల్‌లో ఎక్కువ భాగం చైనాలో గింజలు ఒలిచేసిన మొక్కజొన్న కండెల నుంచి వస్తోంది. చాలావరకు లోహం పోతపోసే ఫౌండ్రీల్లో ఇసుక అచ్చులు గట్టిపడేందుకు వాడే జిగురులాంటి రెజిన్లకే పోతుంది. మన చక్కెర మిల్లుల్లో అలాంటి సరుకే అయిన చెరకు పిప్పి మాత్రం ఎక్కువగా మంటకోసం బాయిలర్‌లోకే. అస్సాంలోని నుమలిగఢ్‌లో 2025 సెప్టెంబరులో ప్రారంభమైన వెదురు నుంచి ఇథనాల్ తీసే ప్లాంటు మాత్రం మొదటినుంచే ఫర్‌ఫ్యూరల్‌ని, ఎసిటిక్ యాసిడ్‌ని కూడా అమ్మకం లెక్కలో వేసుకుంది.