అద్దె ఇంటి తలుపు తాళం: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఓనర్ దగ్గరున్న తాళంచెవులన్నీ మన చేతికొచ్చాయి, ఇక భయం లేదు.

వాస్తవం: ఆ తాళానికి చెవులెన్ని ఉన్నాయో చాలాసార్లు ఓనర్‌కే తెలియదు. ముందు అద్దెకున్నవాళ్లు, వాళ్ల పనమ్మాయి, సున్నాలేసిన మేస్త్రి, వాచ్‌మన్... ఎవరి దగ్గరైనా ఒకటి మిగిలి ఉండొచ్చు. మామూలు పళ్ల చెవికి నకలు తీయడం రోడ్డు పక్క మెషిన్ మీద నిమిషాల పని. గుంటలు గుంటలుగా ఉండే 'కంప్యూటర్ కీ'కి నకలు రాదని ధైర్యం చెప్పుకుంటారు గానీ, దానికి తగ్గ మెషిన్ ఉన్న షాపులో అదీ తీస్తారు. పాలు పొంగించే రోజుకల్లా తాళంలో చెవి దూరే భాగాన్ని, అంటే సిలిండర్‌ను, మార్చేయడమే అసలు పని.

అపోహ: తాళం మార్చాలంటే తలుపు కోయాలి, ఓనర్ ఒప్పుకోడు.

వాస్తవం: తలుపు మందంలోకి దూర్చి బిగించే, హ్యాండిల్‌తో ఉండే మోర్టైజ్ లాక్‌లో చాలావాటికి సిలిండర్ ఒక్కటే విడిగా వస్తుంది. తలుపుకు కొత్త రంధ్రం ఒక్కటీ పడదు.

తలుపు తెరిచి అంచు చూడండి. పొడవాటి రేకు మీద, చెవి రంధ్రానికి సరిగ్గా ఎదురుగా ఒక స్క్రూ ఉంటుంది. పైనా కిందా ఉన్నవి లాక్ బాడీవి, వాటి జోలికి పోవద్దు. ఆ ఒక్కటీ పూర్తిగా బయటికి తీయండి. చెవి పెట్టి, గడియారంలో పెద్ద ముల్లు మూడు నిమిషాలు జరిగినంత మాత్రమే తిప్పి, రెండో వైపు నుంచి నెట్టండి. సిలిండర్ మధ్యలోని నాలుక మిగతా ఒంటితో సమానంగా వచ్చిన చోట అది జారి బయటికొస్తుంది. రాకపోతే చెవి అటు కాకుండా ఇటు తిప్పి చూడాలి తప్ప సుత్తి తీయకూడదు.

కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని జేబులో వేసుకెళ్లండి. 70 మి.మీ. అని నోటిమాటగా అడిగితే షాపువాడు 35-35 ఇస్తాడు, మీ తలుపుకేమో 30-40 కావాల్సి ఉంటుంది. స్క్రూ రంధ్రం మధ్య నుంచి ఒక్కో చివరకూ విడివిడిగా కొలవాలి. బిగించాక బయటి వైపు హ్యాండిల్ రేకు కంటే 3 మి.మీ. మించి ముందుకు పొడుచుకు రాకూడదు. స్క్రూ రంధ్రం దగ్గర లోహం బాగా పలచన. ముందుకొచ్చిన ముక్కను పట్టుకారుతో పట్టి వంచితే అక్కడే విరుగుతుంది.

పాత సిలిండర్‌నూ దాని చెవులనూ ఒక కవర్లో వేసి దాచండి, ఖాళీ చేసే రోజు మళ్లీ బిగించి ఇచ్చేయవచ్చు. మార్చేముందు ఓనర్‌కు ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టి, ఆయన సరేనన్న జవాబు ఉంచుకుంటే తర్వాత మాట పడదు. తలుపు లోపలి ముఖానికి బిగించే, లాగితే దానంతటదే పడే పాతకాలపు నైట్ లాచ్ అయితే అదే మోడల్ కొత్తది తెండి, పాత రంధ్రాల్లోనే కూర్చుంటుంది.

అపోహ: తాళం లోపల చెవి పైకెత్తే పలకలు, అంటే లీవర్లు, ఎన్ని ఎక్కువుంటే తలుపు అంత గట్టిది.

వాస్తవం: లీవర్ల సంఖ్య దొంగచెవి విషయంలో అక్కరకొస్తుంది. ఇనుపరాడ్‌తో వచ్చినవాడు లీవర్లు లెక్కపెట్టడు. అతను రాడ్ దూర్చేది తలుపుకూ ద్వారబంధానికీ మధ్య సందులో. అక్కడ ఊడొచ్చేది తాళం కాదు, ద్వారబంధానికి కొట్టిన చిన్న రేకు. చాలా ఇళ్లలో దాన్ని పట్టి ఉంచేవి ముప్పావు అంగుళం స్క్రూలు రెండే.

ముందు ఒక పరీక్ష. చెవి తిప్పితే తలుపు అంచులోంచి బయటికొచ్చే తాళం నాలుక చివర కాస్త కుంకుమ రాసి, తలుపు వేసి, చెవి పూర్తిగా తిప్పి మళ్లీ తెరవండి. రేకు అంచుకు ఎరుపు అంటితే నాలుక లోపలికి పోకుండా అంచుకే ఆగుతోందన్నమాట. వానాకాలం చెక్క ఉబ్బినప్పుడు ఇది మామూలే. అప్పుడు బలంగా తిప్పితే విరిగేది చెవే. తర్వాత రేకు వెనక రంధ్రంలో అగ్గిపుల్ల దూర్చి లోతు చూడండి. నాలుక 20 మి.మీ. బయటికొస్తుంటే రంధ్రం అంతకంటే ఒకట్రెండు మి.మీ. లోతుండాలి. వడ్రంగి తొందరలో 10 మి.మీ.కే ఉలి ఆపేసి ఉంటే, రెండు చుట్ల తాళం మీకు ఒక్క చుట్టే పడుతుంది.

రేకు ఊడకుండా చేసే మందు చవకే. పాత స్క్రూ తల ఎంత ఉందో అంతే తల ఉన్న 2 అంగుళాల స్క్రూలు తెచ్చి, 3 మి.మీ. బిట్‌తో ముందు దారి చేసి బిగించండి. దారి చేయకుండా తిప్పితే పాత టేకు పగులుతుంది.

అపోహ: బయట గొళ్లేనికి పెద్ద కప్ప వేస్తే చాలు.

వాస్తవం: కప్ప ఎంత బరువున్నా, దాన్ని వేసే ఆల్‌డ్రాప్ (పెద్ద గొళ్లెం) స్క్రూలు బయటికి కనిపిస్తుంటే స్క్రూడ్రైవర్ చాలు, కప్పతో సహా ఊడివస్తుంది. గుండు తల, దాని కింద చదరపు మెడ ఉండే క్యారేజ్ బోల్టులు వేసి నట్లు లోపలి వైపు బిగించాలి. 35 మి.మీ. తలుపుకు 50 మి.మీ. బోల్టు, నట్టు కింద వాషర్. తలుపుకు ఇవతల నుంచి అవతలికి రంధ్రాలు పడతాయి కాబట్టి దీనికి మాత్రం ఓనర్‌ను తప్పక అడగాలి. పైగా బయట వేలాడే కప్ప 'ఇంట్లో ఎవరూ లేరు' అని బోర్డు పెట్టినట్టే.

అపోహ: నైట్ లాచ్ లాగితే పడిపోతుంది, చెవి తిప్పక్కర్లేదు.

వాస్తవం: లాగితే పడేది స్ప్రింగు మీద ఆడే ఏటవాలు నాలుక. సందున్న తలుపులో దాన్ని ప్లాస్టిక్ ముక్కతో వెనక్కి నెట్టొచ్చు. చెత్త పడేయడానికి కిందికెళ్లినా చెవి తిప్పే వెళ్లండి.

అపోహ: తాళం బిగుసుకుంటే కొబ్బరినూనె వేయాలి.

వాస్తవం: నూనెకు దుమ్ము అంటుకుని కొన్నాళ్లకు లోపల ముద్దవుతుంది. గ్రాఫైట్ పొడి వాడండి, లేదంటే మెత్తటి పెన్సిల్‌తో చెవి పళ్ల మీద గట్టిగా రుద్ది నాలుగుసార్లు పెట్టి తీయండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇనుప కప్ప కొనకండి. ఇత్తడి ఒళ్లు, స్టెయిన్‌లెస్ కొక్కెం ఉన్నది నయం.

అపోహ: ఫ్లాట్‌లో ముందే స్మార్ట్ లాక్ ఉంటే దిగులే లేదు.

వాస్తవం: పాత అద్దెవాళ్ల వేలిముద్రలు అందులోనే ఉండిపోయి ఉండొచ్చు. దిగిన రోజే మొత్తం రీసెట్ చేయించి, అడ్మిన్ పిన్ కొత్తది పెట్టుకోండి. బ్యాటరీలు పూర్తిగా అయిపోతే చాలావాటిలో అక్కరకొచ్చేది దాంతో వచ్చిన మామూలు చెవి. దాన్ని అదే ఇంటి బీరువాలో దాచేవాళ్లకు ఏం చెప్పాలి?

అపోహ: రాత్రి గ్రిల్‌కు లోపల కప్ప వేసి చెవి ఎక్కడో దాచేస్తే క్షేమం.

వాస్తవం: మంటలంటుకుంటే, పొగలో ఆ చెవి ఎవరికీ దొరకదు. గ్రిల్ సందులోంచి చెయ్యి పెట్టినా, కర్ర పెట్టినా అందని గోడ మీద ఒక మేకు కొట్టి, ప్రతి రాత్రీ అక్కడే తగిలించండి. ఇంట్లో పొడవు తక్కువ మనిషికి కూడా ఆ మేకు అందాలి.