చింతకొమ్మ మీది వాండా: తగువు మొదలైంది 1991లోనే

రోడ్డు వెడల్పు మాట వచ్చినప్పుడల్లా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దారి పక్క చింతలకూ మర్రులకూ బెరడు చెక్కి నంబర్లు వేస్తారు. దానితోపాటే పాత తగువూ లేస్తుంది. కొట్టిన చెట్టుకు బదులు మొక్కలు నాటుతున్నాం కదా అని ఒక పక్షం. ఆ చెట్టు కొమ్మల్లో బతుకుతున్నదాని సంగతేమిటని రెండో పక్షం. రెండో పక్షం వాళ్లు ముందుగా చెప్పే పేరు వాండా టెస్సెల్లాటా. మన మైదానాల్లో, చిన్న కొండల్లో పెరిగే అడవి ఆర్కిడ్ ఇది.

1795లో వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల సంపుటంలో దీని బొమ్మ అచ్చు వేయించడం, సంస్కృత పండితుడు విలియం జోన్స్ ఆ భాష నుంచి వాండా అన్న పేరు తీసుకోవడం ఆర్కిడ్ల గురించి రాసే ప్రతివారూ చెప్పేవే. ఇప్పటి తగువుకు వాటితో పనిలేదు. చూడవలసింది 1991.

ఆ ఏడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి, మొక్కల కోసం ఆరో షెడ్యూలు చేర్చారు. అందులో అప్పుడు ఉన్నవి ఆరే పద్దులు. తిరుమల కొండల సైకస్ బెడ్డోమీ అనే మొక్క ఉంది, పురుగుల్ని తినే పిచ్చర్ మొక్క ఉంది, హిమాలయాల్లో పెరిగే కుష్ఠం అనే మందు మొక్క ఉంది. ఆర్కిడ్లలో నీలి వాండా, ఎర్ర వాండా, లేడీస్ స్లిప్పర్లు ఉన్నాయి. నీలి వాండా ఈశాన్య కొండలది. పూల కోసం దాన్ని విపరీతంగా పెరికి అమ్మారు కాబట్టి రక్షణ దక్కడం న్యాయమే. అయితే ఆ జాబితా వేసినవాళ్ల కళ్లెదుట ఉన్నది పెరికే చెయ్యి. మన వాండా వేరును బెంగాల్ వైద్యులు రాస్నా పేరుతో వాడతారు గానీ, ఇక్కడ దానికి అసలు ముప్పు బుట్టలో వేసుకుపోయేవాడి నుంచి కాదు. దాని కింద చెట్టును కోసే రంపం నుంచి. 1991 చట్టానికి ఈ రెండో ముప్పు తట్టలేదు. తర్వాత వచ్చినవన్నీ ఆ వెలితి చుట్టూ తిరుగుతున్నాయని నా అభిప్రాయం.

చెట్టు పోతే వాండా ఎందుకు పోతుందో దాని వేళ్లు చూస్తే తెలుస్తుంది. వేలంత లావున కొమ్మను చుట్టుకుని, సగం గాలిలో వేలాడుతుంటాయి. పొడిగా ఉన్నప్పుడు వెండిలా తెల్లగా ఉంటాయి. నాలుగు చినుకులు పడితే నిమిషాల్లో ఆకుపచ్చకు తిరుగుతాయి, ఎందుకంటే పైనున్న మెత్తని పొర నీటిని పీల్చి లోపలి పచ్చదనాన్ని బయటపెడుతుంది. మందపాటి ఆకులు రాత్రిపూట గాలిలోని బొగ్గుపులుసు వాయువును లోపలికి తీసుకుని, పగలు రంధ్రాలు మూసుకుంటాయి. కనిగిరి ఎండల్లో కొమ్మ మీద బతకాలంటే అంత పొదుపు కావాలి. పసుపు రేకుల మీద గోధుమరంగు గళ్లు, మధ్యలో ఊదా పెదవి, దగ్గరకు వెళితే మంచి వాసన.

కష్టమంతా గింజ దగ్గర ఉంది. కాయ పండి పగలడానికి నెలలు పడుతుంది. లోపలి గింజలు ధూళి కన్నా కాస్త పెద్దవి, వాటిలో మొలకకు తిండి ఉండదు. బెరడు పగుళ్లలో తగిన శిలీంధ్రం తగిలితేనే మొలకెత్తుతాయి, అవి పూతకు రావడానికి మళ్లీ ఏళ్లు. నున్నటి కాండం ఉన్న రెండేళ్ల మొక్క మీద ఆ పగుళ్లు ఎక్కడివి?

మామిడి రైతులది ఇంకో గొడవ. కొమ్మలోకి వేరు దింపి రసం పీల్చే బదనికను కోసి పారేయమని ఉద్యాన శాఖ చెబుతుంది, ఆ సలహా సరైనదే. వాండా బెరడును పట్టుకుని ఉంటుంది తప్ప చెట్టు తిండి తినదు. ఊళ్లలో దాన్ని కూడా బదనిక అనే అంటారు కాబట్టి అదే కత్తికి ఇదీ పోతుంది.

2000 తర్వాత చెన్నై–కోల్‌కతా రహదారిని నాలుగు వరుసలు చేసినప్పుడు ఒంగోలు, నెల్లూరు దారిలో పాత చెట్లు పోయాయి. ఇప్పుడు అక్కడ డివైడర్ మీద గన్నేరు, కాగితపూలు ఉన్నాయి. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) చెట్టు కొట్టడానికి అనుమతి తప్పనిసరి చేసి, బదులు నాటాలంది. ముందడుగే, కాదనను. అయినా లెక్క మొత్తం మానులదే.

అధికారుల వాదన కూడా చెప్పాలి: ఇది శ్రీలంక నుంచి మయన్మార్ దాకా దొరికే మొక్క, వెలిగొండల అభయారణ్యంలో ఆకు తుంచినా కేసే, ఇంకేం కావాలి అంటారు.

వన్యప్రాణి చట్టానికి వచ్చిన 2022 సవరణను చూపించేవారూ ఉన్నారు. అడవి జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసేది సైట్స్ ఒప్పందం. 1976లో భారత్ చేరిన ఆ ఒప్పందం ఆర్కిడ్ కుటుంబం మొత్తాన్నీ తన జాబితాల్లో పెట్టుకుంది. ఆ జాబితాలే 2023 ఏప్రిల్ నుంచి మన చట్టంలో నాలుగో షెడ్యూలు. అలా వాండా టెస్సెల్లాటా కూడా చట్టానికెక్కింది. కానీ అవి దేశాల మధ్య వ్యాపారానికి పెట్టిన నిబంధనలు. పొదిలి రోడ్డు మీద చింతను కోయించే గుత్తేదారుకు వాటితో పనే పడదు.

రెండో పక్షం అడుగుతున్నది చిన్న పని. రంపం వేయకముందు కొమ్మలు చూసి, వేళ్లు తెగకుండా వాండాను విడదీసి, కొబ్బరి పీచుతో మరో ముదురు చెట్టుకు కట్టాలి. మన దగ్గర వానలు దసరా తర్వాత గట్టిగా పడతాయి కాబట్టి అందుకు ముందు కడితే నిలదొక్కుకునే అవకాశం ఎక్కువ. నరికివేత అనుమతి పత్రంలోనే ఈ షరతు రాయాలన్నది వాళ్ల పట్టు. అనుమతి ఇచ్చే చోట దీనికి ఇంకా జవాబు రాలేదు.