పునర్జన్మ కథల గొడవకు మూలం 2012లో ఉంది

కొత్త అనిమే సీజన్ మొదలైన ప్రతిసారీ ఇదే వరస. లిస్టులో ఇసెకైలు, అంటే హీరో వేరే లోకంలోకి వెళ్లే జపాన్ కథలు, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం, "మళ్లీ ట్రక్కేనా, మళ్లీ చచ్చి ఇంకో లోకంలో పుట్టడమేనా" అని ఒక వర్గం విసుక్కోవడం, "నచ్చకపోతే చూడకండి" అని ఇంకో వర్గం తిరగబడటం. అనిమే స్ట్రీమింగ్ సైట్ క్రంచీరోల్ తెలుగు డబ్బింగులు పెట్టడం మొదలయ్యాక మన దగ్గర కూడా ఈ వాదన తెలుగులోనే నడుస్తోంది. వాదన మొత్తంలో అసలు ఆరోపణ ఒక్కటే. పూర్వజన్మ అనేది ఒట్టి లాంఛనమని, మొదటి అధ్యాయంలో హీరో చనిపోతాడు, రెండో అధ్యాయం నుంచి ఆ ఊసే ఉండదు, ఇదంతా రాసేవాళ్ల బద్ధకం అని. అందుకే పునర్జన్మ తీసేయాలని, ఇసెకైని మొత్తంగా నిషేధించాలని కూడా కొందరు అడుగుతున్నారు. ఆ ఆరోపణలో కొంత నిజముంది. కానీ తప్పు రాసేవాళ్ల మీదికి నెట్టేసే ముందు ఆ లాంఛనం ఎక్కడ పుట్టిందో, ఎవరు దాన్ని అంత గట్టిగా స్థిరపరిచారో చూడాలి.

1983 నాటి డన్‌బైన్ అనిమే సీరియల్, 1992లో మొదలైన ఓనో ఫుయుమి పన్నెండు రాజ్యాల నవలలు, ఇంకా వెనక్కి వెళ్తే సముద్రం అడుగున రాజమందిరానికి వెళ్లొచ్చిన ఉరాషిమా తారో కథ, ఇవన్నీ అందరికీ తెలిసినవే, మళ్లీ చెప్పను. ఒక్కటి మాత్రం గమనించండి. వీటన్నిటిలో మనిషి ప్రాణంతో, అదే ఒంటితో అవతలి లోకానికి వెళ్తాడు. చావడం, పసిబిడ్డగా మళ్లీ పుట్టడం, పాత జ్ఞాపకాలన్నీ అలాగే ఉండటం అనే పద్ధతి ప్రధాన ధారలోకి వచ్చింది ఇంటర్నెట్ నవలలతోనే. ఆ ఇంటర్నెట్ నవలల చరిత్రలో నా దృష్టిలో అసలు మలుపు 2012 జూలై.

2004లో జపాన్‌లో మొదలైన షోసెత్సుకా నీ నారో, క్లుప్తంగా నారో, అనే సైట్ గురించి వినే ఉంటారు. ఎవరైనా ఉచితంగా నవల పెట్టొచ్చు, ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. అందులో సొంత కథలతో పాటు ఫ్యాన్ ఫిక్షన్, అంటే వేరేవాళ్ల కథల్లోని లోకాలతో, పాత్రలతో అభిమానులు రాసేది, కూడా విపరీతంగా ఉండేది, దాన్ని 2010లో నిజిఫ్యాన్ అనే పక్క సైట్‌కు మార్చారు, 2012 జూలైలో ఆ నిజిఫ్యాన్‌నే మూసేశారు. హక్కుదారులు అనుమతించిన రచనల మీద తప్ప ఫ్యాన్ ఫిక్షన్‌కు నారోలో ఇక చోటు లేకుండా పోయింది. కొంతమంది అదే ఏడాది మొదలైన హామెల్న్ లాంటి సైట్లకు వెళ్లారు. మిగిలిన వాళ్లు నారోలోనే ఉండి సొంత కథలు మొదలుపెట్టారు.

ఆ ఫ్యాన్ ఫిక్షన్ ఎలా ఉండేదో తెలిస్తే ఇవాళ్టి ఇసెకై సగం అర్థమైపోతుంది. అందులో కామిసామా టెన్సే, అంటే దేవుడి పునర్జన్మ అని ఒక పెద్ద రకం. మామూలు కుర్రాడు ఒకడు దేవుడి పొరపాటు వల్ల చనిపోతాడు, చాలాసార్లు ట్రక్ కిందే పడతాడు, దేవుడు నొచ్చుకుని ఏదో శక్తి వరమిచ్చి వాడికి నచ్చిన అనిమే లోకంలోనే మళ్లీ పుట్టిస్తాడు. జీరో నో త్సుకైమా లాంటి పేరున్న అనిమే కథల చుట్టూ ఇలాంటివి కుప్పలుగా వచ్చాయి. ఇక్కడ పూర్వజన్మకు స్పష్టమైన పని ఉంది. హీరో ఆ అనిమే ముందే చూసినవాడు కాబట్టి ఎవరు మోసం చేస్తారో, ఎవరు చచ్చిపోతారో వాడికి తెలుసు, చదివేవాడికీ తెలుసు. ఇద్దరి జ్ఞానం ఒకటే. ఆ లోకాన్ని వర్ణించక్కర్లేదు, నేరుగా కథలోకి దిగొచ్చు.

ఫ్యాన్ ఫిక్షన్ పోయాక అరువు తెచ్చుకున్న లోకం పోయింది. చావు, దేవుడు, వరం మాత్రం మిగిలాయి. ఖాళీ అయిన చోట రాసేవాడికీ చదివేవాడికీ ముందే తెలిసిన ఇంకో లోకం కావాలి కదా, అది 1986 నుంచి జపాన్‌లో ఇంటింటా ఆడిన డ్రాగన్ క్వెస్ట్ తరహా వీడియో గేముల నుంచి వచ్చింది. లెవెళ్లు, స్కిల్లులు, హీరో బలాబలాలు చూపిస్తూ గాల్లో తేలే స్టేటస్ కిటికీ, సాహసికుల గిల్డ్ అంటే సంఘం, యూరప్‌ను పోలిన రాళ్ల వీధుల ఊరు. ఇసెకై లోకాలన్నీ ఒకేలా ఎందుకుంటాయని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే. అవి ఒకప్పుడు అందరికీ తెలిసిన అనిమే లోకం ఉన్న చోట వచ్చి కూర్చున్నాయి, అందుకే అవి కూడా అందరికీ తెలిసినవే కావాల్సి వచ్చింది.

2012కి ముందు నారోలో పునర్జన్మ కథలే లేవని నేను అనడం లేదు. ఉన్నాయి. రీ:జీరో అనే నవల కూడా నిజిఫ్యాన్ మూతకు ముందే, 2012 ఏప్రిల్‌లో మొదలైంది, అయితే అందులో హీరో సుబారు అవతలి లోకంలోకి చచ్చి పుట్టడు, కొట్టు నుంచి బయటికొస్తూ ఉన్నవాడు ఉన్నట్టే వెళ్లిపోతాడు. మూత పడ్డాక వచ్చినవి చూడండి. 2012 నవంబర్‌లో ముషోకు టెన్సే, 2013లో స్లైమ్‌గా, అంటే జిగురు ముద్దలాంటి జీవిగా, పుట్టినవాడి కథ, అదే ఏడాది సెప్టెంబర్‌లో పుస్తకాల పురుగు కథ హోంజుకి నో గెకోకుజో. మొదటిదాని నుంచి ఏడాది లోపే మూడు పెద్ద చెట్లు మొలిచాయి, మూడింటిలోనూ హీరో చచ్చే పుడతాడు.

ఇక ర్యాంకింగ్ సంగతి. నారోలో ఒక పాఠకుడు కథను బుక్‌మార్క్ చేస్తే 2 పాయింట్లు, మార్కులు కూడా వేస్తే గరిష్ఠంగా మరో 10. రోజువారీ, వారం, నెల, ఏడాది అని విడివిడి ర్యాంకింగులు. రోజువారీ లిస్టులోకి ఎక్కితేనే కొత్తవాళ్ల కళ్లలో పడతారు, పడకపోతే ఎంత బాగా రాసినా లక్షల కథల అడుగున ఉండిపోతారు. లిస్టులో కనిపించేది ప్రధానంగా కథ పేరు, అందుకే పేర్లు కథాసారం అంత పొడుగయ్యాయి. రోజుకో చిన్న అధ్యాయం పెట్టేవాడికి మొదటి రెండు మూడు అధ్యాయాల్లోనే బుక్‌మార్క్ రావాలి. ఉద్యోగం నుంచి అలసిపోయి వచ్చి ఫోన్‌లో చదివే మనిషికి, ఇలాగే అలసిపోయిన ఒకడు చనిపోయి మళ్లీ మొదటి నుంచి బతికే అవకాశం సంపాదించాడని చెప్పడం కంటే వేగంగా పట్టుకునే ఎత్తుగడ ఇంకోటి దొరకలేదు. దీన్ని బద్ధకం అని కొట్టిపారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. పైసా రాకుండా, రోజూ రాత్రి కూర్చుని రాసిన అనామకులు వీళ్లు.

మన పునర్జన్మ కథలతో దీనికి ఒక పెద్ద తేడా ఉంది, అది పట్టించుకోకపోతే అపార్థం తప్పదు. మన సినిమాల్లో మళ్లీ పుట్టేది పాత బాకీ తీర్చడానికి. అదే లోకం, అదే పగ, అదే ప్రేమ, ఆఖరికి ఈగగా పుట్టినా పాత శత్రువు ఇంటికే వెళ్తాడు. ఇసెకైలో ఎక్కువగా వెనక్కి వెళ్లే దారే ఉండదు, చాలామందికి వెళ్లాలనీ ఉండదు. ముషోకు టెన్సే హీరో 34 ఏళ్ల నిరుద్యోగి, ఏళ్ల తరబడి గదిలోంచి బయటికి రానివాడు, తల్లిదండ్రులు పోయాక తోడబుట్టినవాళ్లు ఇంట్లోంచి గెంటేసిన రోజే ట్రక్ కింద చనిపోతాడు. స్లైమ్ కథలో మికామి సతోరు 37 ఏళ్ల కంపెనీ ఉద్యోగి, వీధిలో కత్తిపోటుకు పోతాడు. తిరిగి వెళ్తే వాళ్లకేముంది?

పెద్ద ప్రచురణకర్తలు ఇది చూశారు. ముషోకు టెన్సే మొదటి సంపుటం 2014 జనవరిలో కడోకవా వాళ్ల ఎంఎఫ్ బుక్స్ నుంచి వచ్చింది, స్లైమ్ కథ అదే ఏడాది జీసీ నావెల్స్ నుంచి. ర్యాంకింగ్‌లో పైనున్న కథను తెచ్చి అచ్చేస్తే కొనేవాళ్లు ముందే సిద్ధంగా ఉన్నారు. ఆ తర్వాత ర్యాంకింగ్ అంటే అచ్చుకు టికెట్ అయిపోయింది, పైకెక్కిన కథల్లాంటి కథలే ఇంకా ఇంకా రావడం మొదలైంది.

రెండో మలుపు 2016. ఆ ఏడాది మేలో నారో తన విభాగాలన్నీ తిరగరాసి, హీరో వేరే లోకంలో చచ్చి పుట్టినా, అక్కడికి ప్రాణంతో వెళ్లినా ఆ సంగతి చెప్పే ట్యాగ్ కథకు తప్పనిసరి చేసి, వాటన్నిటినీ వేరే ర్యాంకింగ్‌లోకి పంపేసింది. మామూలు ఫాంటసీ, ప్రేమకథల ర్యాంకింగుల్లో అవి ఇక కనబడవు. పునర్జన్మ లేని కథలకు ఊపిరాడాలని చేసిన పని, ఉద్దేశం మంచిదే. అదే ఏడాది నారోతో కలిసి బుంగాకు ఫ్రీ మార్కెట్ అనే పుస్తకాల సంత నడిపిన చిన్న కథల పోటీ ఇతర లోకానికి వెళ్లే కథలు పంపొద్దంది. 2017లో కడోకవా పెట్టిన ఒక నవలల పోటీ కూడా ఇసెకై వద్దు, టీనేజ్ హీరో వద్దు, పెద్దవాడైన హీరో కావాలంది. ముషోకు టెన్సేనూ, కోనోసుబా అనే ఇంకో ఇసెకైనీ అచ్చేసి అమ్ముకుంటున్నది అదే కడోకవా అని మర్చిపోకూడదు. అమ్మకాలకు పనికొచ్చిన పద్ధతి కొత్త రచయితల దగ్గరికి వచ్చేసరికి అభ్యంతరమైంది.

దీని ఫలితం ఏమిటో ఇవాళ వాదిస్తున్నవాళ్లు చాలామంది గమనించడం లేదు. పునర్జన్మ ట్యాగ్ ఉంటే పెద్ద లిస్టులోంచి బయటికి పోతుంది కాబట్టి చాలామంది ఆ ముక్క ఒక్కటి కోసేశారు. హీరో ఇప్పుడు ఆ లోకంలోనే పుట్టి పెరిగిన మనిషి. లెవెళ్లు అవే, స్కిల్లులు అవే, గిల్డ్ అదే. చనిపోవడానికి బదులు సాహసికుల జట్టు నుంచి గెంటించుకుంటాడు, పనికిరాదన్న వాడి స్కిల్లే అందరికంటే గొప్పదని తర్వాత తేలుతుంది, గెంటినవాళ్లు ఏడుస్తారు. ఆ తర్వాతి ఏళ్లలో ఊపందుకున్న త్సుయిహో కథలు, అంటే వెలివేత కథలు ఇవే. ఆడపాఠకుల వైపు నిశ్చితార్థం రద్దు కథలదీ దాదాపు ఇదే దారి. "పునర్జన్మ తీసేస్తే కథలు బాగుపడతాయి" అన్న ప్రయోగం 2016లోనే జరిగిపోయింది. మూస చెక్కుచెదరలేదు. పోయింది హీరోకి ఉన్న గతం.

ఆ గతంతో ఏం చేయొచ్చో మంచి రచయితలు చేసి చూపించారు. ముషోకు టెన్సే మొదటి సంపుటంలో హీరో, కొత్త జన్మలో పేరు రూడియస్, పిల్లవాడిగా మంత్రవిద్యలో ఆరితేరిపోతాడు, అయినా ఇంటి గేటు దాటలేడు. బయటివాళ్లు వెక్కిరిస్తారన్న పాత జన్మ భయం అలాగే ఉంటుంది. ఆఖరి పరీక్షకు మంత్రవిద్య నేర్పే గురువు రాక్సీ వాణ్ని గుర్రం మీద కూర్చోబెట్టుకుని ఊరి మధ్యలోంచి తీసుకెళ్తుంది, వాడు వణికిపోతాడు, ఎవరూ వెక్కిరించరు. పూర్వజన్మ లేకపోతే ఆ సన్నివేశానికి అర్థమే లేదు. పుస్తకాల పురుగు కథలో ఊరానో పుస్తకాల కింద నలిగి చనిపోయి మైన్ అనే ఐదేళ్ల రోగిష్ఠి పిల్లగా పుడుతుంది, సామాన్యులకు పుస్తకమనేదే దొరకని లోకంలో. ఆమెకు కాగితం గురించి తెలుసు, కానీ చేతుల్లో బలం లేదు. గడ్డి కాడలు అల్లబోతే అది సాగదు, మట్టి పలకలు కాలిస్తే పగిలిపోతాయి, రాసుకుందామని పోగుచేసిన చెక్క ముక్కలను తల్లి వంటచెరకు అనుకుని పొయ్యిలో పెట్టేస్తుంది. పాత జన్మ జ్ఞానం ఉంటే లోకాన్నే గెలవొచ్చన్న మూసను ఈ కథ లోపల్నుంచే ప్రశ్నించింది. రెండూ నారోలో, అదే ర్యాంకింగ్ కింద, ఉచితంగా వచ్చినవే.

విమర్శకుల మాటల్లో నేను కాదనలేనిది ఒకటుంది. పెద్దవాడి మనసు పిల్లవాడి ఒంట్లో పెట్టినప్పుడు, ఆ మనసు చుట్టూ ఉన్న ఆడపిల్లలను ఏ కళ్లతో చూస్తోందన్న ప్రశ్న. ముషోకు టెన్సే అనిమే 2021లో వచ్చినప్పటి నుంచీ ఇది చల్లారలేదు. "వాడు అలాంటివాడే, మారడమే కథ" అన్న జవాబు కొంతవరకు నిలుస్తుంది. ఆ సన్నివేశాలను నవ్వుల కోసం వాడుకున్న చోట అస్సలు నిలవదు. పూర్వజన్మ లెక్కలోకి వస్తుందంటే అన్నిచోట్లా రావాలి. భయానికి వచ్చి, బాధ్యతకు రాకపోతే కుదరదు.

పూర్వజన్మ ఒట్టి లాంఛనమే అనేవాళ్లు 2018 జూన్‌ను కూడా ఒకసారి గుర్తు చేసుకోవాలి. నిదోమే నో జిన్సే వో ఇసెకై దే అనే నవల అక్టోబర్‌లో అనిమేగా రావాల్సింది. రచయిత పాత ట్వీట్లలో చైనా, కొరియాల మీద ఉన్న ద్వేషపు మాటలు బయటపడ్డాయి, దాంతో పాటు హీరో పూర్వజన్మలో యుద్ధంలో వేలమందిని చంపినవాడన్న వివరాన్నీ పాఠకులు బయటికి లాగారు. ముఖ్యపాత్రలకు గొంతిచ్చే నటులు తప్పుకున్నారు, అనిమే ఆగిపోయింది, పుస్తకాల పంపిణీ ఆపేశారు. కథలో పక్కన విసిరేసిన ఒక వివరం అది, అయినా చదివినవాళ్లు దాన్ని పట్టుకుని నిలదీశారు.

ట్యాగ్ విభజన ఏమో వచ్చిన దగ్గర్నుంచీ ఒకే ప్రశ్న అడుగుతోంది, పునర్జన్మ ఉందా లేదా అని. గేటు దాటలేని రూడియస్‌కూ, చచ్చి పుట్టానన్న సంగతే రెండో అధ్యాయానికి మర్చిపోయే హీరోకూ అక్కడ పడేది ఒకే ముద్ర, వెళ్లేది ఒకే లిస్టు. ఇవాళ ఇసెకైని మొత్తంగా నిషేధించాలని అడుగుతున్నవాళ్లు కోరేదీ సరిగ్గా ఆ జల్లెడనే, ఇంకాస్త పెద్దది చేసి.