180 ఎంబీ రోజుల నుంచి యూపీఐ దాకా: తీయరాని యాప్‌ల కథ

విజయవాడ గవర్నర్‌పేటలో గానీ, గుంటూరు అరండల్‌పేటలో గానీ ఫోన్ రిపేరు కొట్టు దగ్గర కాసేపు నిలబడితే "ఫోన్ హ్యాంగవుతోంది తమ్ముడూ, కాస్త చూడు" అనే మాట వినపడక మానదు. కొట్టు కుర్రాడు ముందు స్టోరేజీ ఎంత మిగిలిందో చూస్తాడు, తర్వాత యాప్‌ల జాబితా కిందికి జరుపుతాడు. అందులో చాలావాటిని కొన్నవాళ్లు పెట్టుకోలేదు. కంపెనీ సొంత బ్రౌజర్, సొంత వీడియో యాప్, ఒక షాపింగ్ యాప్, ఎన్నడూ తెరవని ఆటలు. కొన్నిటికి 'అన్‌ఇన్‌స్టాల్' ఉంటుంది. కొన్నిటికి 'డిజేబుల్' మాత్రమే. కొన్నిటికి అదీ ఉండదు. ఆ మూడో రకంతో జనం తగవు ఇవాళ్టిది కాదు, ఆండ్రాయిడ్‌తో పాటే పుట్టింది.

మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్ 2008 అక్టోబరులో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. ర్యామ్ 192 ఎంబీ. వారాలు తిరక్కముందే దాంట్లో ఒక వింత బయటపడింది. కీబోర్డు మీద ఏం టైప్ చేసినా, తెర వెనక రూట్ అధికారంతో, అంటే ఫోన్‌లో ఏదైనా మార్చగల హక్కుతో నడుస్తున్న ఒక షెల్‌కి (ఆదేశాలు అందుకునే ప్రోగ్రామ్‌కి) కూడా అది చేరిపోతోంది. ఎవరికో మెసేజ్ రాస్తూ 'రీబూట్' అని కొట్టి ఎంటర్ నొక్కితే ఫోన్ నిజంగానే ఆగి మళ్లీ మొదలయ్యేది! గూగుల్ ఆ లోపాన్ని వెంటనే పూడ్చింది గానీ, ఆండ్రాయిడ్‌కి పునాదిగా లోపల లైనక్స్ ఉందని, దానికి రూట్ అనే పెద్ద ఖాతా ఒకటుందని, డబ్బు పెట్టి కొన్న మనిషికి ఆ ఖాతా ఇవ్వలేదని అందరికీ తెలిసిపోయింది.

మరుసటి ఏడాది స్టీవ్ కాండిక్ అనే ప్రోగ్రామర్ సైనోజెన్ పేరుతో తన సొంత రామ్ (ర్యామ్ కాదు, కంపెనీ సాఫ్ట్‌వేర్ చోట ఎక్కించుకునే మొత్తం సిస్టమ్) విడుదల చేయడం మొదలుపెట్టాడు. కంపెనీ ఇచ్చిన దానికన్నా చురుగ్గా నడిచేది. 2009 సెప్టెంబరులో గూగుల్ అతనికి లీగల్ నోటీసు పంపింది. ఆండ్రాయిడ్ కోడ్ ఎవరైనా వాడుకోవచ్చు గానీ జీమెయిల్, మ్యాప్స్, మార్కెట్ (ఇప్పటి ప్లే స్టోర్), యూట్యూబ్ తన సొత్తని, వాటిని రామ్‌లో కలిపి పంచడానికి వీల్లేదని దాని సారం. అప్పటినుంచే రామ్ ఒక జిప్, గూగుల్ యాప్‌లు ఇంకో జిప్ అయ్యాయి. పైకి ఇది చిన్న గొడవే. కానీ తర్వాత కోర్టుల దాకా వెళ్లిన వ్యవహారానికి వేరు ఇక్కడే ఉంది. ఆండ్రాయిడ్ ఉచితం, దాని మీద కూర్చున్న యాప్‌లు మాత్రం ఒప్పందాల సరుకు.

మన వైపు ఈ బాధ తెలిసొచ్చింది 2011 తర్వాత. కీప్యాడ్ ఫోన్లు పక్కనపెట్టి జనం టచ్ ఫోన్లకు మారుతున్న కాలం. శాంసంగ్ గెలాక్సీ వై అప్పట్లో కాలేజీ పిల్లల ఫోను. 832 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 290 ఎంబీ ర్యామ్, యాప్‌లకు 180 ఎంబీ దాకా జాగా. పాటలు, ఫొటోలు మెమరీ కార్డులోకి పోయేవి. యాప్‌లు పోయేవి కావు. 2010లో వచ్చిన ఆండ్రాయిడ్ 2.2 నుంచి యాప్‌ని కార్డులోకి జరిపే వీలు కల్పించారు గానీ, అది యాప్ తయారుచేసినవాళ్లు ఒప్పుకుంటేనే. ఒప్పుకున్నా కొంత భాగం లోపలే ఉండిపోయేది. నాలుగు యాప్‌లు ఎక్కించేసరికి జాగా తక్కువైందంటూ పైన హెచ్చరిక గుర్తు వచ్చి కూర్చునేది. ఆ తర్వాత మెసేజ్‌లు కూడా రావడం మానేసేవి.

ఎందుకిలా అనేది కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు. ఫోన్ మెమరీ ఒకే ముక్క కాదు. సిస్టమ్ అని ఒక విభాగం, డేటా అని ఇంకోటి. కంపెనీ యాప్‌లు సిస్టమ్‌లో ఉంటాయి, దాన్ని చదవడానికే తప్ప రాయడానికి తెరవరు. మనం వేసుకునేవన్నీ డేటాలోకి వెళ్తాయి. అద్దె ఇంట్లో యజమాని తన పాత సామాను పెట్టి తాళం వేసుకున్న గది లాంటిది సిస్టమ్. ఆ గది ఖాళీ చేయించినంత మాత్రాన మన వాటా పెరగదు. రూట్ చేసి, అంటే ఆ పెద్ద ఖాతా చేజిక్కించుకుని, కంపెనీ యాప్‌లు వరసగా చెరిపేసినవాళ్లు తీరా స్టోరేజీ చూస్తే ఒక్క ఎంబీ కూడా పెరగకపోవడానికి కారణం ఇదే.

అసలు నష్టం వేరే చోట ఉంది. ముందే వచ్చిన మ్యాప్స్‌కి ఒక అప్‌డేట్ వచ్చిందనుకోండి. సిస్టమ్‌లోని పాత కాపీని కదిలించే వీల్లేదు కాబట్టి కొత్తది మొత్తంగా డేటాలో దిగుతుంది. పాతది ఎవరికీ పనికిరాకుండా అక్కడే పడి ఉంటుంది. ప్లే స్టోర్‌దీ అదే తంతు. మనం ఏ యాపూ వేసుకోకుండానే 180 ఎంబీ కరిగిపోయేది. అందుకే తెలిసినవాళ్లు తీసేయడంతో ఆగకుండా మార్పిడి దాకా వెళ్లారు. డేటాలో ఉన్న కొత్త కాపీని సిస్టమ్‌లోని పాతదాని చోటికి చేర్చేవాళ్లు. టైటానియం బ్యాకప్ అనే యాప్‌లో దీనికి విడిగా ఒక సదుపాయమే ఉండేది. హోమ్ స్క్రీన్ చూపించే బరువైన కంపెనీ లాంచర్ చోట ఏడీడబ్ల్యూ లాంచర్, గ్యాలరీ చోట క్విక్‌పిక్, బ్రౌజర్ చోట ఒపెరా మినీ. తాళం వేసిన గదిలో మన సామాను పెట్టుకోవడం అన్నమాట.

గెలాక్సీ వైని రూట్ చేయడం పెద్ద విద్యేం కాదు. వాల్యూమ్, హోమ్, పవర్ బటన్లు కలిపి నొక్కి రికవరీ అనే మరమ్మతు మెనూలోకి వెళ్లి, కార్డులో పెట్టుకున్న జిప్ ఫైలు ఎక్కిస్తే అయిపోయేది. ఒడుపంతా ఆ తర్వాతే. రూట్ ఎక్స్‌ప్లోరర్ అనే ఫైళ్ల యాప్‌లో సిస్టమ్ ఫోల్డర్ తెరిచి, దాన్ని రాయడానికి కూడా తెరిచే 'మౌంట్ ఆర్/డబ్ల్యూ' పైన ఉంటుంది, అది నొక్కాలి. పాత యాప్ ఫైలుని చెరపకుండా పేరు చివర 'బాక్' తగిలించాలి, తేడా కొడితే వెనక్కి తెచ్చుకోవడానికి. పక్కనే అదే పేరుతో ఓడెక్స్ ఫైలు (ఆ యాప్ కోడ్‌నే ముందుగా సిద్ధం చేసి ఉంచింది) ఉంటే దాన్నీ అలాగే మార్చాలి. కొత్త ఏపీకేని, అంటే కొత్త యాప్ ఫైలుని, అక్కడ పెట్టి పర్మిషన్లు 644 చేయాలి, అంటే రాసే హక్కు రూట్‌కి, చదివే హక్కు అందరికీ. తర్వాత రీస్టార్ట్. పర్మిషన్ల సంగతి మరిచిపోతే కొత్త యాప్ కనపడేదే కాదు. అది లాంచర్ అయితే ఇక హోమ్ స్క్రీనే లేదు. పైన గడియారం, కింద నల్లటి తెర. ఇంకా తొందరపడి పైపట్టీ లాంటివి చూపించే సిస్టమ్ యూఐ లాంటి ఫైలు మీద చెయ్యి వేసినవాళ్ల ఫోన్లు సాఫ్ట్‌వేర్ కొట్టించుకోవడానికి కొట్లకి చేరేవి. ఆ రోజుల్లో ఈ కొట్లకు మంచి బేరాలు తెచ్చింది వడ్లమూడి, వడ్డేశ్వరం, కానూరు వైపు ఇంజినీరింగ్ హాస్టళ్లే అని నా అనుమానం.

తెలుగువాళ్లకు రూట్‌తో ఇంకో అవసరం కూడా ఉండేది, దాన్ని ఇప్పుడు ఎవరూ తలుచుకోరు. ఆండ్రాయిడ్‌లో తెలుగు అక్షరాలకు సొంతంగా చోటు దొరికింది 2012లో వచ్చిన 4.1 వెర్షన్‌లోనే. అంతకుముందు చాలా ఫోన్లలో తెలుగు పేపరు తెరిస్తే వరసగా డబ్బాలు. ఒపెరా మినీలో ఒక దాపుడు సెట్టింగు మారిస్తే అక్షరాలు బొమ్మల రూపంలో వచ్చేవి, అదొక ఉపాయం. రూట్ ఉన్నవాళ్లు అదే సిస్టమ్ విభాగంలోని ఫాంట్ల ఫోల్డర్‌లో తెలుగు ఫాంటు పెట్టి చూసుకునేవాళ్లు. డబ్బాలు పోయేవి గానీ వత్తులు, గుణింతాలు విడిపోయి పక్కపక్కన పడేవి. అక్షరాన్ని కూర్చే పని ఫాంటు ఒక్కదానితో అయ్యేది కాదు మరి.

ఇంతకీ కంపెనీలు ఇన్ని యాప్‌లు ఎందుకు నింపుతాయి? సగం జవాబు గూగుల్ ఒప్పందంలో ఉంది. ప్లే స్టోర్ కావాలంటే సెర్చ్, క్రోమ్ కూడా పెట్టాల్సిందేనని ఫోన్ తయారీదారులను కట్టేసిందంటూ యూరోపియన్ కమిషన్ 2018 జులైలో గూగుల్‌కి 434 కోట్ల యూరోల జరిమానా వేసింది. మిగతా సగం ఫోన్ ధరలో ఉంది. అదే 2018లో షావోమీ అధిపతి లీ జున్ తమ పరికరాల మీద నికర లాభం 5 శాతం దాటనివ్వమని బహిరంగంగా మాట ఇచ్చాడు. కొనేవాడికి సంతోషమే. మరి మిగతా రాబడి ఇంటర్నెట్ సేవల నుంచి, ప్రకటనల నుంచి రావాలి, వాటికి దారి ఈ యాప్‌లే. 2015 నుంచి మన శ్రీసిటీలోనే తయారైన రెడ్‌మీ ఫోన్లు చవగ్గా దొరికాయంటే అందులో ఈ లెక్క కూడా ఉంది. చవక ఫోన్ కొన్నవాడి ఫోనే ఎక్కువ నిండి ఉండటం నాకు మొదటినుంచీ అన్యాయంగానే తోస్తుంది. జాగా తక్కువున్న చోటే సామాను ఎక్కువ.

తాళాలు కూడా ఏటికేడు గట్టిపడ్డాయి. 2011 చివర్లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.0 'డిజేబుల్' ఇచ్చి కొంత ఊరట కలిగించింది. 7.0 వచ్చేసరికి సిస్టమ్‌లో ఒక్క అక్షరం మారినా బూట్ కాకుండా ఆపే తనిఖీ కట్టుదిట్టమైంది. దాంతో సిస్టమ్‌ని ముట్టుకోకుండానే మారినట్టు చూపించే మ్యాజిస్క్ 2016లో పుట్టింది. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ఫోన్లలో చాలావాటికి రూట్ ఉన్నా సిస్టమ్‌ని రాయడానికి తెరవడమే కుదరదు. ఫైళ్లను ఆ విధంగా బిగించి పేర్చారు.

అయినా ఈ తాళాలకన్నా రూట్‌ని ఎక్కువ దెబ్బకొట్టింది యూపీఐ అంటాను. 2016 ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది, నవంబరులో నోట్ల రద్దు వచ్చింది. కొన్నేళ్లకే విజయవాడ బీసెంట్ రోడ్డులో తోపుడు బండి మీదా క్యూఆర్ కోడ్ వెలిసింది. రూట్ చేసిన ఫోన్‌లో చాలా బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. రూట్‌ని దాచి వాటిని మభ్యపెట్టే ఉపాయాలు ఉన్నాయి గానీ, గూగుల్ తనిఖీ మారినప్పుడల్లా మళ్లీ మొదటికొస్తాయి. ఫోన్ కాస్త వేగంగా నడవడం కోసం టీ డబ్బులు కట్టలేని పరిస్థితి ఎవరు తెచ్చుకుంటారు? పాత ఫోన్‌కి సైనోజెన్ వారసుడైన లీనియేజ్ రామ్ వేసుకునే సరదా ఉన్నవాళ్లే ఆ దారిలో మిగిలారు.

కోర్టు కథ త్వరగా చెప్పేస్తాను. 2022 అక్టోబరు 20న మన దేశపు కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసి, ముందే పెట్టిన గూగుల్ యాప్‌లను తీసేయనివ్వాలని కూడా ఆదేశించింది. 2023 మార్చి 29న అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానా నిలబెట్టింది, తీసేయనివ్వాలన్న ఆదేశాన్ని మాత్రం కొట్టేసింది. ఇదిలా ఉండగా 2025 నవంబరు చివర్లో టెలికం శాఖ తానే ఒక యాప్‌తో వచ్చింది. ఫోన్ దొంగతనాలు, మోసాల ఫిర్యాదుల కోసం ఉద్దేశించిన సంచార్ సాథీ కొత్త ఫోన్లన్నిటిలో ముందే ఉండాలంది. గోల లేచాక డిసెంబరు 3న ఆ నిబంధన వెనక్కి తీసుకుంది.

రూట్ లేకుండా ఇప్పుడు మిగిలిన దారి ఏడీబీ, అంటే కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలు పంపే పనిముట్టు. డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, యాప్ ప్యాకేజీ పేరు ఇచ్చి వాడుకరి సున్నాకి, అంటే ఫోన్‌లోని మొదటి ఖాతాకి, తొలగించమని ఆదేశిస్తే ఆ యాప్ మన ఖాతాలోంచి పోతుంది. వెనకాల నడవడం ఆగుతుంది, ఆ యాప్ పోగేసుకున్న సమాచారం ఖాళీ అవుతుంది. సిస్టమ్‌లోని అసలు కాపీ అలాగే ఉంటుంది కాబట్టి ఆ మేరకు జాగా రాదు. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న ఫోన్‌లో తేడా కనిపిస్తుంది, ఎనిమిది ఉన్నదాంట్లో పెద్దగా తెలియదు. ముందుగా దాని బదులు వాడే యాప్ వేసుకుని, దాన్నే డిఫాల్ట్‌గా పెట్టుకున్నాకే పాతదాని మీద చెయ్యి వేయాలి, ముఖ్యంగా కీబోర్డు, లాంచర్, డయలర్ విషయంలో. తీసేసిన ప్యాకేజీల పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫ్యాక్టరీ రీసెట్ కొడితే అవన్నీ తిరిగొస్తాయి, అప్పుడు మళ్లీ వెతుక్కునే పని తప్పుతుంది.