బోరు పాయింట్లు పెట్టేవాడి మాట: భూగర్భ జలాలపై అపోహలు, వాస్తవాలు

అనంతపురం వైపు ఇరవై ఏళ్లుగా బోరు పాయింట్లు పెడుతున్నాను, అంటే బోరు ఎక్కడ వేయాలో మెషీన్‌తో చూసి చెబుతాను. మెషీన్ దించకముందే రైతు అడిగే మొదటి మాట: "కింద జల ఉందా సార్?" జల అంటే ఆయన దృష్టిలో భూమి లోపల పారే ఏరు.

అపోహ: భూమి కింద నదులు పారుతుంటాయి.

బెలుం గుహలున్న సున్నపురాయి సంగతి వేరు. రాయలసీమలోనూ తెలంగాణలోనూ చాలా చోట్ల కింద ఉన్నది గ్రానైటు జాతి గట్టి రాయి. నీళ్లుండేది పైనున్న మొరంలో, దాని కింద రాతి పగుళ్లలో. అంతే.

అపోహ: ఇంకో రెండొందల అడుగులు దించితే పడుతుంది.

కొంపలు ముంచేది ఇదే. లోతుకు పోయేకొద్దీ పైరాతి బరువుకు పగుళ్లు మూసుకుపోతాయి. మా వైపు బోర్లలో ఎక్కువ నీళ్లు పైనున్న మూడొందల అడుగుల్లోపే దొరుకుతాయి. రాత్రి రెండింటికి బోరుబండి దగ్గర నిలబడి చూడండి. తెల్లటి పొడి లేస్తూనే ఉంటుంది. డ్రిల్లర్ దాన్ని పిడికిట్లో నొక్కి చూస్తాడు, ముద్ద కట్టదు. "ఇంత ఖర్చయ్యాక ఆపుతామా సార్, ఇంకో వంద" అంటాడు రైతు. లోతు పెరిగేకొద్దీ అడుగు రేటూ పెరుగుతుంది. నేనూ ఒకసారి ఆ మొహం చూడలేక సరే అన్నాను. ఏడొందల యాభై దాకా దుమ్మే. ఎప్పుడో ఒకరికి అంత లోతున గ్యాప్, అంటే నీళ్లున్న పగులు, తగులుతుంది, ఊరంతా ఆ ఒక్క బోరు గురించే చెప్పుకుంటుంది.

అపోహ: అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడితే నీళ్లు ఖాయం.

కాయకు ఏమీ తెలియదు. అలాగని మా మెషీనూ నీళ్లను చూడదు. భూమిలోకి కరెంటు పంపి, నేల దానికి ఎంత అడ్డుపడుతుందో కొలుస్తుంది. తడి పగులున్నా, ఉత్త బంకమట్టి ఉన్నా అడ్డు తగ్గుతుంది. అందుకే నా పాయింట్లూ ఫెయిలవుతాయి.

అపోహ: ఒక్క మంచి వాన పడితే బోర్లు నిండుతాయి.

లెక్క వేద్దాం. అనంతపురంలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అంటే ఎకరం మీద 22 లక్షల లీటర్లు. ఇందులో ఎక్కువ భాగం నేలనుంచి, ఆకులనుంచి ఆవిరై మళ్లీ ఆకాశానికే పోతుంది, కొంత వాగుల్లో పారిపోతుంది. గ్రానైటు నేలల్లో కిందికి ఇంకేది నూటికి 11 పాళ్లని లెక్క కడతారు. అంటే రెండున్నర లక్షల లీటర్లు. బోరు కింద ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పెడితే దాదాపు 48 లక్షలు. మడిలోంచి కొంత తిరిగి ఇంకుతుంది, నిజమే. అయినా ఒక ఎకరం వరి చుట్టుపక్కల పది, ఇరవై ఎకరాల వాటాను తాగేస్తోంది. పక్కాయన బోరు ఎండిందంటే దిష్టి తగిలి కాదు.

అపోహ: లోతు బోరు నీళ్లు తేటగా ఉన్నాయి కాబట్టి మంచివి.

ఫ్లోరైడ్‌కు రంగూ రుచీ లేవు. రాతితో ఎక్కువ కాలం ఉన్న నీళ్లలోనే అది ఎక్కువగా కరిగి ఉంటుంది. దానివల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో అది 1937లో వెలుగు చూసింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. నల్గొండ గురించి చెప్పనక్కర్లేదు. కాస్తే పోతుందనుకుంటారు. నీళ్లు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ అలాగే ఉండి చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. కొత్త బోరుకు మోటారు బిగించే రోజే ఒక సీసాడు నీళ్లు పట్టి టెస్టుకు పంపండి.