క్లచ్‌కి దించిన బండి, ఆగని ఆయిల్ చుక్క: అంబాసిడర్ అపోహలు – వాస్తవాలు

కోల్‌కతా దగ్గర ఉత్తర్‌పారాలో అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగిపోయింది. మా బరంపురంలో మాత్రం దాన్ని ఇంట్లో మనిషిలా చూసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. షెడ్డుకి వచ్చి సగం తెలుగులో, సగం ఒడియాలో వాళ్లు చెప్పేది ఒకటే: క్లచ్ జారుతోంది, కింద ఆయిల్ కారుతోంది. ఇవి రెండు వేరువేరు జబ్బులనుకుంటారు. చాలాసార్లు రెండోదాని వల్లే మొదటిది వస్తుంది. క్లచ్ ప్లేటుకి ఆయిల్ అంటితే అది ఫ్లైవీల్‌ని, అంటే ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రాన్ని, పట్టుకోలేదు. ఊళ్లో తిరిగినంతసేపూ తెలియదు. తప్తపాణి ఘాటీ ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు.

గేర్ బాక్సు దించడం, ఎక్కించడం దగ్గరే కూలంతా పోతుంది. లోపల మార్చే ప్యాకింగులు, సీళ్ల ఖరీదు దాని ముందు లెక్కలోకి రాదు. అందుకే క్లచ్ పని పెట్టుకున్నప్పుడే ఆయిల్ ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చుకోవాలి. తేల్చుకోవడం మొదలవ్వాల్సింది మాత్రం దించకముందు.

అపోహ: "వెనకాల కారుతోందంటే క్రాంక్ ఆయిల్ సీలు పోయినట్టే."

మొన్న ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చీ రాగానే "ఆ వెనక సీలు మార్చేయ్ బాబూ" అన్నారు. "మాస్టారూ, మీ ఇంజన్‌కి అక్కడ సీలే లేదండి" అంటే నేను వేళాకోళం ఆడుతున్నానని కోపగించుకున్నారు. పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల డిజైను. క్రాంక్, అంటే ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు, దాని వెనక చివర మరలాంటి గాడి ఉంటుంది. క్రాంక్ తిరుగుతున్నప్పుడు ఆ గాడే ఆయిల్‌ని తిరిగి లోపలికి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌లోకి తోసేస్తుంది. రబ్బరు సీలంటూ ఏదీ లేదు. ఇంజన్ ఆపాక ఆ తోపుడూ ఉండదు కాబట్టి, వాలులో పెట్టిన బండి కింద ఒకటి రెండు చుక్కలు పడటం మామూలే. రోజూ అరచేతి వెడల్పు మరక పడుతోందంటే మాత్రం మామూలు కాదు. మెయిన్ బేరింగులు అరిగి క్రాంక్ కిందికి దిగితే గాడికీ చుట్టూ ఉన్న గూటికీ మధ్య సందు పెరుగుతుంది. అది బేరింగుల పని, సీలు మారిస్తే పోయేది కాదు.

అసలు వెనక కనబడే ఆయిల్ వెనకే పుట్టిందన్న నమ్మకం లేదు. ఇంజన్ పైనున్న రాకర్ కవర్ దగ్గర చెమ్మగా మొదలైంది కూడా బండి పరుగెత్తే గాలికి జరుగుతూ జరుగుతూ బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పే గంటలాంటి డొప్ప) దాకా వస్తుంది. నేను పని నేర్చుకున్న కొత్తలో ఇలాగే తొందరపడి ఒక బండికి గేర్ బాక్సు దించేశాను. లోపల చూస్తే పొడిగా, బూడిదరంగు దుమ్ము తప్ప ఆయిల్ చుక్క లేదు. కారుతున్నది ఇంజన్ పక్కనున్న ట్యాపెట్ కవర్ ప్యాకింగ్. అవి రెండు కవర్లు. మ్యానిఫోల్డ్ కింద నక్కి ఉంటాయి, కంటికి కనబడవు, చెయ్యి పెట్టి తడమాలి. ఆ రోజు కూలి అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

ఇప్పుడు చేసే పద్ధతి ఇది. ఇంజన్‌ని కిరోసిన్‌తో కడిగి, ఆరాక పక్కలకి మొహానికి రాసుకునే పౌడర్ చల్లుతాను. గోపాల్‌పూర్ దాకా వెళ్లి రమ్మంటాను. తిరిగొచ్చాక టార్చి వేసి చూస్తే తెల్లటి పౌడర్ మీద ఆయిల్ నడిచిన దారి నల్లగా గీత గీసినట్టు ఉంటుంది. ఆ గీత పై కొస ఎక్కడుందో జబ్బూ అక్కడే.

దించాక లోపల కూడా ఇలాగే చదవాలి. ఫ్లైవీల్ వెనక వైపు నడిమి నుంచి చుట్టూ చిమ్మినట్టు చారలుంటే క్రాంక్. ఇంజన్ వెనక బిగించిన బ్యాక్ ప్లేటు మీద ఒక పక్కనుంచి కిందికి జారితే క్యామ్‌షాఫ్ట్ చివర, లేదా బ్యాక్ ప్లేటు ప్యాకింగ్. గేర్ బాక్సు ముందు ముక్కు తడిగా ఉంటే ఇంజన్ తప్పేమీ లేదు, ఆయిల్ గేర్ బాక్సుది.

అపోహ: "కొత్త సీలు వేస్తే ఇక చూసుకోనక్కర్లేదు."

తర్వాత వచ్చిన ఇసుజు 1800 ఇంజన్‌కి నిజంగానే వెనక సీలుంది. కానీ పాత సీలు పెదవి, అంటే క్రాంక్‌ని పట్టుకునే రబ్బరు అంచు, ఏళ్ల తరబడి రాసుకుని క్రాంక్ మీద సన్నటి గీత పడుతుంది. గోరు పెట్టి లాగితే తగులుతుంది. అలాంటప్పుడు కొత్త సీలుని పాతది కూర్చున్న చోటే కాకుండా ఒక మిల్లీమీటరు అటో ఇటో కూర్చోబెట్టాలి. ఎక్కించేటప్పుడు పెదవి మడత పడకుండా కూల్‌డ్రింకు బాటిల్ ప్లాస్టిక్‌ని ముక్కగా కోసి క్రాంక్‌కి చుట్టి, దాని మీదుగా జార్చి, తర్వాత ప్లాస్టిక్ లాగేస్తాను. పెదవికి ముందే ఆయిల్ రాయడం మరిచిపోకూడదు.

ఇంకొకటి బ్రీదర్ పైపు, ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే దారి. అది మూసుకుపోతే ఇంజన్ లోపల ఒత్తిడి పెరిగి, మంచి ప్యాకింగ్ నుంచి కూడా ఆయిల్ బయటికి తోసుకొస్తుంది. ఆర్నెల్లు కదలని ఒక బండికి ఆ పైపులో కందిరీగ మట్టిగూడు కట్టి కూర్చుంది. పుల్లతో గూడు తీసేశాం. సగం కారుడు ఆ పుల్లతోనే పోయింది.

అపోహ: "ఆయిల్ అంటిన ప్లేటు పెట్రోల్‌తో కడిగేస్తే చాలు."

చాలదు. ఆయిల్ లైనింగ్ (ప్లేటు మీద రాసుకునే పొర) లోపలికి ఇంకిపోయి ఉంటుంది. కడిగిన రోజు బాగానే ఉంటుంది, వేడెక్కాక మళ్లీ పైకి తేలుతుంది. ప్లేటు మార్చాల్సిందే. ఫ్లైవీల్ ముఖం, ప్రెషర్ ప్లేటు మాత్రం కడిగి, ఎమరీతో రుద్దొచ్చు. అన్నట్టు, ఆ దుమ్ముని కంప్రెసర్ గాలితో ఊదకండి. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తులకి మంచిది కాదు. తడిగుడ్డతో తుడవండి.

అపోహ: "మందం ఆయిల్ పోస్తే కారడం తగ్గుతుంది."

వేడెక్కాక ఏ ఆయిలైనా పలచబడుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు మాత్రం ఆ మందం పైన రాకర్ దాకా ఎక్కడానికి ఆలస్యం చేస్తుంది. లీక్ ఆపే మందులు రబ్బరు సీలుని ఉబ్బించగలవేమో గాని, గాడికీ కార్కు ప్యాకింగుకీ వాటితో పనేముంది?

అపోహ: "సిలికాన్ ఎంత పూస్తే అంత గట్టి."

బయటికి ఎంత ఉబికిందో లోపలికీ అంతే ఉబుకుతుంది. ఆ ముక్కలు ఊడి ఛాంబర్‌లో ఆయిల్ పంపు జాలీకి అడ్డుపడతాయి. పలచగా చాలు. బోల్టులు కూడా బలమంతా పెట్టి బిగిస్తే రేకు కవర్ బోల్టు దగ్గర లోపలికి వంగి, మధ్యలో లేచి, అక్కడే కారుతుంది. వంగినదాన్ని చెక్క మీద పెట్టి సుత్తితో సాపు చేసి వేయాలి. షాపులో ఏళ్ల తరబడి ఎండిన కార్కు కుదించుకుపోయి ఉంటుంది. కాసేపు నీళ్లలో నానబెడితే సరిపోతుంది.

చివరగా బెల్ హౌసింగ్ అడుగున చిన్న కన్నం, అందులో వదులుగా వేలాడే కాటర్ పిన్ను. లోపలికి చేరిన ఆయిల్ క్లచ్ దాకా ఎక్కకుండా బయటికి పోవడానికే ఆ కన్నం. బండి అదురుకి పిన్ను కదులుతూ కన్నంలో మట్టి పేరుకోకుండా చూస్తుంది. మాస్టారి బండిలో ఎవరో పిన్ను పీకేసి, ఎం-సీల్ కుక్కి, నున్నగా వేలితో రుద్దారు. కింద చుక్క పడలేదు గాని, ఆయిలంతా ప్లేటు తాగింది. స్క్రూడ్రైవర్‌తో ఎం-సీల్ గీకి, కొత్త పిన్ను వేలాడదీసి, బండి అప్పగించాను. "మళ్లీ చుక్క పడుతుందేమో?" అన్నారాయన. "పడితే పడనివ్వండి, ఎంత పడుతోందో పాత పేపరు వేసి చూసి నాకు చెప్పండి" అన్నాను.